సిరామిక్ బొగ్గు గ్రిల్‌కి వెయ్యి డాలర్లు పెట్టొచ్చా?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సొంత ఇల్లు కొన్న తెలుగు కుటుంబానికి మొదటి వేసవిలోనే గ్రిల్ ప్రశ్న ఎదురవుతుంది. గ్యాస్‌దా, బొగ్గుదా అన్న వాదన ఇంట్లో ఎలాగో ఒక కొలిక్కి వచ్చి, బొగ్గుదే అని తేలాక షాపుకి వెళితే రెండు రకాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి పల్చటి ఇనుప రేకుతో చేసిన గుండ్రటి కెటిల్ గ్రిల్. 22 అంగుళాలది 200 డాలర్ల పైచిలుకు. రెండోది పెద్ద గుడ్డు ఆకారంలో, ఇంచుమించు అంగుళం మందం గోడలతో ఉండే సిరామిక్ గ్రిల్. దీంట్లో పేరున్న కంపెనీల 18 అంగుళాలది వెయ్యి డాలర్లకు అటూ ఇటూ మొదలవుతుంది. స్టాండు, పక్కబల్లలు, లోపలి సరంజామా కలిపితే 1,500 దాటడం మామూలే. రెండింట్లోనూ కాలేది అదే బొగ్గు, పైన పెట్టేది అదే చికెన్. మరి ఐదారు రెట్ల ధర దేనికి?

ఆ డబ్బంతా గోడకి. ఆ గోడ చేసే పని మీ ఇంటి వంటకి అవసరమా, కాదా అన్నదే అసలు లెక్క. అమ్మేవాళ్లు దీన్ని గ్రిల్ అనే పేరుతో అమ్ముతారు గానీ, పనితీరు చూస్తే ఇది బొగ్గుతో నడిచే అవెన్. పెరట్లో అవెన్ కావలసినవాళ్లకి ఇంతకన్నా మంచి వస్తువు దొరకడం కష్టం. నిప్పుల మీద ముక్కలు కాల్చుకుంటే చాలనుకునేవాళ్లకి ఇది అవసరం లేదు సరికదా, కొన్ని పనుల్లో అడ్డం కూడా.

గోడ చేసే పని

బొగ్గు ఎంత వేగంగా కాలాలో నిర్ణయించేది గాలి. కింద ఒక కంత, పైన ఒక కంత. వాటిని ఎంత తెరిస్తే నిప్పు అంత రాజుకుంటుంది. ఇంతవరకు కెటిల్‌కీ సిరామిక్‌కీ తేడా లేదు. తేడా గోడ దగ్గర మొదలవుతుంది. రేకు గోడలోంచి వేడి నిరంతరం బయటికి పోతూనే ఉంటుంది. లోపల 250 డిగ్రీల ఫారెన్‌హీట్ నిలబెట్టాలంటే ఆ పోయిన వేడినంతా భర్తీ చేసేంత నిప్పు ఉండాలి. ఎక్కువ నిప్పుకి ఎక్కువ గాలి కావాలి. ఆ గాలి మాంసం మీదుగా వెళ్లి పై కంతలోంచి బయటపడుతూ తేమని వెంట తీసుకుపోతుంది. సిరామిక్ గోడ వేడిని అంత తేలిగ్గా వదలదు. అందుకని గుప్పెడు నిప్పు చాలు, కంతలు వేలి సందంత తెరిస్తే చాలు. లోపల గాలి దాదాపు కదలదు, తేమ అక్కడే ఉంటుంది. సిరామిక్ గ్రిల్‌లో చేసిన మాంసం ఎండిపోకుండా వస్తుందని అందరూ చెప్పే మాటకి కారణం ఇదే. మట్టిలో మహిమ ఏమీ లేదు.

గోడ చేసే రెండో పని వేడిని దాచుకోవడం. 70 కిలోల సిరామిక్ ఒకసారి వేడెక్కాక, మూత తీసి చూసి మళ్లీ వేసినా నిమిషాల్లో పాత వేడికి వచ్చేస్తుంది. పిజ్జాకి, రొట్టెలకి ఇది చాలా ఉపయోగం. పై గోడ నుంచి దిగే వేడి, కింద రాయి నుంచి వచ్చే వేడి రెండూ సమంగా తగులుతాయి. కానీ ఇదే గుణం ఇంకోచోట తిప్పలు పెడుతుంది, ఆ సంగతి తర్వాత.

ఈ రెండు పనుల్లో ఎక్కువ ఉపయోగపడేది మొదటిది, అంటే వేడి బయటికి పోకుండా ఆపడం. ఆ పనికి సిరామిక్కే ఉండాలని లేదు. చార్-గ్రిల్లర్ కంపెనీ అకోర్న్ అనే మోడల్ చేస్తుంది. ఆకారం అదే గుడ్డు, గోడ మాత్రం పొరలు పొరలుగా ఉండే ఉక్కు. 300, 400 డాలర్ల మధ్య దొరుకుతుంది, బరువూ చాలా తక్కువ. సన్నటి సెగ మీద గంటల తరబడి వండే పని అది కూడా బాగానే చేస్తుంది. సిరామిక్‌కి వెయ్యి పెట్టే ముందు ఈ ఒక్క విషయం తెలిస్తే చాలామంది నిర్ణయం మారిపోతుంది. ఉక్కుది కాబట్టి వానలో వదిలేస్తే తుప్పు పడుతుంది, అడుగు పళ్లెం దగ్గర మరీనూ. అంత పదిలంగా చూసుకోగలిగితే సిరామిక్ గుణాల్లో పెద్ద భాగం మూడో వంతు ధరకే వచ్చినట్టు.

అన్నం పొయ్యి అమెరికా పెరట్లోకి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో ఉన్న అమెరికా సైనికులు అక్కడి ఇళ్లలో అన్నం వండే గుండ్రటి మూత పొయ్యిల్ని చూశారు. మాంసం కాల్చడానికి పనికొస్తాయని తోచి ఇంటికి పట్టుకెళ్లారు. 1974లో ఎడ్ ఫిషర్ అనే ఆయన అట్లాంటాలో వీటిని అమ్మే దుకాణం పెట్టాడు. అదే బిగ్ గ్రీన్ ఎగ్. అప్పటి మట్టి పొయ్యిలు ఎండకీ వానకీ, పెద్ద సెగకీ పగిలిపోయేవి. తర్వాత కంపెనీ గట్టి సిరామిక్‌కి మారింది, తయారీ మెక్సికోలోని మాంటెరేకి వెళ్లింది. 2009లో అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రంలోనే కమాడో జో అనే ఇంకో కంపెనీ పుట్టింది. మూత తేలిగ్గా లేచే కీలు, లోపల రెండు అంతస్తుల జాలీ వంటి సౌకర్యాలని ధరలోనే కలిపి ఇవ్వడంతో పాత కంపెనీకి గట్టి పోటీ అయింది. అదే రాష్ట్రంలో తయారయ్యే ప్రీమో అనే గ్రిల్ కోలాకారంలో ఉంటుంది. ఒక పక్క నిప్పు, ఇంకో పక్క ఖాళీ ఉంచుకోవడానికి ఆ ఆకారం అనువు.

ప్రకటనల్లో వినిపించే మూడు వేల ఏళ్ల చరిత్ర గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మట్టి గోడల మధ్య నిప్పు పెట్టి వండటం చాలా దేశాల్లో ఉన్నదే. మన దగ్గర తందూరు లేదా? అందుకేనేమో తెలుగువాళ్లకి దీన్ని చూపించేటప్పుడు "ఇది తందూరే సార్" అంటారు. కాదు. తందూరు మూతి పైన తెరిచి ఉంటుంది, చువ్వలు నిలువుగా దిగుతాయి, కారిన నూనె నేరుగా నిప్పుల మీద పడి పొగై పైకి లేచి మళ్లీ ముక్కకే పడుతుంది, నాన్ గోడకి అతుక్కుని కాలుతుంది. సిరామిక్ గ్రిల్‌లో గోడకి రొట్టె అంటించడం కుదరదు, చువ్వలు అడ్డంగానే పెట్టాలి, మూత వేసే వండాలి. రాయి మీద నాన్ చక్కగా వస్తుంది, నిజమే. కానీ తందూరు కోసం దీన్ని కొంటే నిరాశ తప్పదు. అమెరికాలో ఇళ్లకి సరిపడే తందూర్లు విడిగా అమ్ముతారు. కావలసింది అదే అయితే అదే కొనుక్కోవడం మేలు.

మెమోరియల్ డే కుకౌట్ లెక్క

ఇప్పుడు మన ఇళ్లలో గ్రిల్ ఏ పనికి వెలుగుతుందో చూద్దాం. మే నెలాఖరు నుంచి సెప్టెంబర్ మొదటివారం దాకా శనివారాలు. పాతిక, ముప్ఫై మంది. ముందురోజు రాత్రే పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించిన చికెన్ లెగ్స్, కొన్ని చేపలు, శాకాహారులకి పనీర్, క్యాప్సికం చువ్వలు, పిల్లలకి మొక్కజొన్న పొత్తులు. ఏదీ ముప్పావుగంట మించి కాలేది కాదు. ప్రతిదాన్నీ నాలుగైదు సార్లు తిప్పాలి. వచ్చినవాళ్లు చుట్టూ నిలబడి తలా ఒక సలహా ఇస్తుంటారు.

ఈ పనికి మొదట కావలసింది చోటు. 18 అంగుళాల బిగ్ గ్రీన్ ఎగ్ లార్జ్ జాలీ వైశాల్యం 262 చదరపు అంగుళాలు. 22 అంగుళాల వెబర్ కెటిల్‌ది 363. తొడా కాలూ కలిసిన ఒక్క లెగ్ క్వార్టర్‌కి 28 చదరపు అంగుళాలు పోతుందనుకుంటే, సిరామిక్‌లో ఒక విడతకి తొమ్మిది, కెటిల్‌లో దాదాపు పదమూడు పడతాయి. తలా ఒకటి చొప్పున ముప్ఫై మందికి మొదటిదాంట్లో నాలుగు విడతలు, రెండోదాంట్లో మూడు. విడతకి 45 నిమిషాలు వేసుకోండి. ధర ఐదు రెట్లు ఎక్కువ పెట్టాక కూడా చివరి ప్లేటు ముప్పావుగంట ఆలస్యం. ఇంకా పెద్దది కావాలంటే 24 అంగుళాల సిరామిక్ ఉంది, 452 చదరపు అంగుళాలు. దాని ధర రెండు వేల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, బరువు 219 పౌండ్లు.

రెండోది మూత. కెటిల్‌లో మూత తీసి పెట్టి, నిప్పుల ముందు నిలబడి, చువ్వలు తిప్పుతూ కాల్చొచ్చు. సిరామిక్‌లో మూత తెరిచి ఉంచితే పైనుంచీ కిందనుంచీ గాలి దూరి, నిండా పోసిన బొగ్గంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. పావుగంటలో కణకణలాడే కొలిమి అవుతుంది. పెట్టిన డబ్బంతా మూసి ఉంచడం వల్ల వచ్చే లాభానికి, చేసే వంటేమో తెరిచి చేసేది. ఒక పక్క నిప్పు, ఒక పక్క చల్లటి చోటు పెట్టుకుని మాడుతున్న ముక్కని పక్కకి జరపడం కూడా ఈ గుండ్రటి ఇరుకు గుడ్డులో అంత సులువు కాదు. గోడలన్నీ వేడి చిమ్ముతుంటే చల్లటి పక్క ఎక్కడ మిగులుతుంది?

రుచి సంగతి కూడా చెప్పుకోవాలి. గాలి తక్కువగా కదిలే చోట కట్టెముక్కలు పెట్టినా పొగ పల్చగానే పడుతుంది. కట్టెలతో నడిచే పెద్ద స్మోకర్‌లో వచ్చినంత పొగ రుచి సిరామిక్‌లో రాదని దీన్ని ఇష్టపడేవాళ్లే ఒప్పుకుంటారు. పైగా గరం మసాలా, కసూరీ మేథీ దండిగా పట్టించిన ముక్క మీద హికరీ పొగా యాపిల్ పొగా అని కనిపెట్టగల నాలుకలు తక్కువ. మసాలా ముక్కకి పొగ కన్నా నిప్పు సెగ ముఖ్యం. అంచులు కాస్త మాడాలి. ఆ పని 200 డాలర్ల రేకు గ్రిల్ నిక్షేపంగా చేస్తుంది.

ఇక పార్కులో జరిగే ఉగాది పిక్నిక్‌లు, అసోసియేషన్ వనభోజనాలు. కెటిల్ కాళ్లు ఊడదీసి కారు డిక్కీలో వేసుకోవచ్చు. 162 పౌండ్ల గుడ్డు పెరడు దాటదు.

బొగ్గు ఆదా అనే వాదన

"బొగ్గు చాలా తక్కువ తింటుంది, పోనుపోను ఖర్చు కలిసొస్తుంది" అన్నది ఇంట్లో ఒప్పించడానికి వాడే మొదటి మాట. నిజంగానే తక్కువ తింటుంది. వంటయ్యాక రెండు కంతలూ మూసేస్తే నిప్పు ఆరిపోయి మిగిలిన బొగ్గు మళ్లీ పనికొస్తుంది కూడా. కానీ డాలర్లలోకి మార్చి చూస్తే ఆ వాదన నిలవదు. 20 పౌండ్ల లంప్ బొగ్గు (కట్టెని కాల్చి చేసిన గడ్డల బొగ్గు) సంచి 25 డాలర్లు అనుకుందాం. పౌండు డాలరుంపావు. ఒక పూట వంటకి కెటిల్‌లో 5 పౌండ్లు, సిరామిక్‌లో అందులో సగం పట్టిందనుకుంటే మిగిలేది మూడు డాలర్ల పైన కొన్ని సెంట్లు. ఏడాదికి 40 సార్లు వెలిగించినా 125 డాలర్లు. ధరలో తేడా వెయ్యి అయితే అది తీరడానికి ఎనిమిదేళ్లు. 40 సార్లు అన్నది ఉత్సాహం మీద వేసిన లెక్క. మొదటి ఏడాది తర్వాత ఎన్నిళ్లలో అన్నిసార్లు వెలుగుతుంది?

జీవితకాలం గ్యారంటీ అన్నది రెండో వాదన. సిరామిక్ భాగాలకి కంపెనీలు జీవితకాలపు హామీ ఇస్తాయి, అది అబద్ధం కాదు. అయితే అది మొదట కొన్నవాళ్లకే వర్తిస్తుంది. కొన్నాక పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపున్న డీలరు దగ్గరే కొని ఉండాలి. ఇనుప పట్టీలకి, కీళ్లకి హామీ కొన్నేళ్లే. మూత అంచున ఉండే ఫెల్ట్ గాస్కెట్ అరిగిపోయే వస్తువు, పెద్ద సెగలు ఎక్కువగా వాడితే త్వరగా మాడిపోతుంది. ఇంకోపక్క మంచి కెటిల్ కూడా కవరు వేసి, బూడిద తీసేస్తూ ఉంటే పదేళ్లు సులువుగా నడుస్తుంది. కాబట్టి మన్నిక మీద గెలిచినా, ఐదు రెట్ల ధరకి సరిపడా గెలుపు కాదు.

అయితే ఎవరికి పనికొస్తుంది

ఇంత చెప్పాక ఇది దండగ వస్తువని కొట్టిపారేయడం అన్యాయం. మూత వేసి, సన్నటి సెగ మీద, ఆరేడు గంటలు మొదలుకుని పద్నాలుగు గంటల దాకా నిలకడగా వండే పనుల్లో సిరామిక్‌ది వేరే స్థాయి. టెక్సస్ మార్కు బ్రిస్కెట్ (ఆవు రొమ్ము మాంసం), కరోలినాల వైపు పోర్క్ షోల్డర్ (పంది భుజం) ఈ కోవలోవి. 225, 250 డిగ్రీల మధ్య రాత్రంతా కాలాలి. మాంసం లోపలి వేడి 150, 170 డిగ్రీల మధ్యకి వచ్చాక పైనుంచి తేమ ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంది, గంటల తరబడి ముల్లు కదలదు. ఆ సమయంలో కెటిల్ దగ్గర ఉన్నవాళ్లు బొగ్గు వేస్తూ, కంతలు సరిచేస్తూ కూర్చోవాలి. సిరామిక్‌లో ఒకసారి నింపిన లంప్ బొగ్గు పన్నెండు గంటలు దాటి వస్తుంది. కంతలు కుదిరాక పడుకుని లేవొచ్చు.

మన వంటల్లో ఈ గుణానికి సరిగ్గా సరిపోయేది మేక తొడ. అమెరికాలో హలాల్ షాపుకి వెళితే మనవాళ్లు అలవాటుగా ముక్కలు కొట్టించేస్తారు. తొడ మొత్తంగా ఇవ్వమంటే ఇస్తారు. మేక మాంసంలో కొవ్వు తక్కువ, నార ఎక్కువ. మంట మీద కాలిస్తే తోలైపోతుంది. మసాలా పట్టించి, కింద సెగని అడ్డుకునే సిరామిక్ పలక పెట్టి, 275 డిగ్రీల మీద నాలుగైదు గంటలు వదిలేసి, చివరి గంటలు అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉంచితే ఎముక నుంచి ఊడి వస్తుంది. గాలి కదలని ఆ పొయ్యి విలువ ఇక్కడ తెలుస్తుంది. థాంక్స్‌గివింగ్ టర్కీ కూడా అంతే. ఎండిపోవడానికి పేరుపడ్డ ఆ పక్షి దీంట్లో తేమగా వస్తుంది, లోపల ఇంటి అవెన్ పప్పుకో పిండివంటకో ఖాళీగా దొరుకుతుంది.

చలి ప్రాంతాలవాళ్లకి ఇంకో కారణం ఉంది. మిన్నెసోటాలోనో షికాగోలోనో జనవరిలో రేకు గ్రిల్ వేడెక్కాలంటే సంచులు తగలెయ్యాలి. గోడ మందం ఉన్నదానికి బయటి చలి పెద్దగా పట్టదు. అయితే వానకి నాని, గడ్డకట్టి ఉన్న సిరామిక్‌ని ఒక్కసారిగా పెద్ద మంట మీద పెడితే బీటలు వారే ప్రమాదం ఉంది. కప్పి ఉంచాలి, నెమ్మదిగా వేడెక్కించాలి.

దమ్ బిర్యానీ మాట కూడా వినిపిస్తుంది. మందపాటి ఇనుప గిన్నెలో పొరలు పరిచి, పిండితో మూత మూసి, సిరామిక్ గ్రిల్‌లో పెడితే అద్భుతంగా కుదురుతుందని. కుదురుతుంది. ఇంట్లో స్టవ్ మీద దమ్ పెట్టేటప్పుడు గిన్నె కింద పెనం వేస్తారు కదా, ఇక్కడ ఆ పని అడ్డుపలక చేస్తుంది, అడుగంటదు. కానీ గిన్నె మూత పిండితో మూశాక లోపలికి పొగ ఎలా వెళుతుంది? వెళ్లదు. అలాంటప్పుడు లోపల వంటింట్లో ఉన్న అవెన్ సరిగ్గా అదే బిర్యానీ చేస్తుంది. ఫొటో తప్ప వచ్చే తేడా లేదు.

పిజ్జా కోసమే కొనాలనుకునేవాళ్లు కూడా ఒకసారి ఆగాలి. సిరామిక్ గ్రిల్ 700 డిగ్రీల దాకా వెళుతుంది, రాయి నిండా వేడెక్కడానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది, గాస్కెట్ మీద భారం వేరే. ఊనీ లాంటి చిన్న పిజ్జా అవెన్లు ఇందులో సగానికన్నా తక్కువ ధరకే దొరుకుతాయి, అర్ధగంటలోపే 900 డిగ్రీలు దాటతాయి.

అలవాటయ్యేదాకా పెట్టే తిప్పలు

వేడిని దాచుకునే గుణం గురించి ముందు అనుకున్నాం. కొత్తగా కొన్నవాళ్లందరూ చేసే పని ఒకటే. బొగ్గంతా బాగా అంటించి, కంతలు బార్లా తెరిచి, ముల్లు 225 దగ్గరికి వచ్చాక మూయబోతారు. అప్పటికి అది 350కి పరుగెడుతుంటుంది. రేకు గ్రిల్ అయితే కాసేపట్లో దిగొస్తుంది. సిరామిక్ గోడ తాగేసిన వేడి దిగడానికి గంటలు పడుతుంది. మధ్యలో ఒకటి రెండు చోట్ల మాత్రమే అంటించి, అనుకున్న వేడికి 50 డిగ్రీల ముందే కంతలు మూస్తూ రావడం నేర్చుకోవాలి. అందుకే వారం మధ్యలో ఆఫీసు నుంచి వచ్చి గబగబా నాలుగు ముక్కలు కాల్చుకుందామనుకునేవాళ్లకి ఇది నప్పదు. తినడం అయిపోయినా పొయ్యి ఇంకా వేడిగానే ఉంటుంది.

పిల్లలున్న ఇళ్లలో తప్పక తెలుసుకోవలసినది మూత తీసే పద్ధతి. కంతలు దాదాపు మూసి, లోపల బాగా వేడిగా ఉన్నప్పుడు నిప్పు గాలి కోసం ఆవురావురుమంటూ ఉంటుంది. మూత ఒక్కసారిగా ఎత్తితే గాలి దూరి మంట ముఖం మీదకి ఎగుస్తుంది. రెండంగుళాలు ఎత్తి, కొన్ని క్షణాలు ఆగి, రెండుసార్లు అలా ఊపిరి పీల్చనిచ్చి అప్పుడు తెరవాలి. చేతికి పొడవాటి గ్లవ్స్ ఉండాలి. బొగ్గు అంటించడానికి లైటర్ ఫ్లూయిడ్ వాడకూడదు. సిరామిక్ దాన్ని పీల్చుకుని నెలల తరబడి ఆ వాసన కూరలకి పడుతుంది. బూడిద ఎక్కువ ఇచ్చే బ్రికెట్లకన్నా, అంటే బొగ్గుపొడిని అచ్చుపోసి చేసిన ఉండలకన్నా, లంప్ బొగ్గే మేలు. బూడిద పేరుకుని కింది రంధ్రాలు మూసుకుంటే వేడి ఎంతకీ ఎక్కదు. సబ్బునీళ్లు లోపల పోయకూడదు, అప్పుడప్పుడు పెద్ద సెగ పెట్టి జిడ్డు కాల్చేయడమే శుభ్రం చేసే పద్ధతి.

వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న చిరునామా. హెచ్1బి మీద ఉండి, ఉద్యోగం మారితే రాష్ట్రమే మారాల్సి వచ్చే కుటుంబానికి 70 కిలోల పగిలే వస్తువు తలనొప్పి. లోపలి గిన్నె, పలకలు విడదీసి, దుప్పట్లు చుట్టి, ఇద్దరు ముగ్గురు పట్టాలి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే అసలు ప్రశ్నే లేదు. చాలా రాష్ట్రాలు అనుసరించే ఫైర్ కోడ్ ప్రకారం, మండే సామగ్రితో కట్టిన బాల్కనీల మీద గానీ, అలాంటి కట్టడానికి 10 అడుగుల లోపల గానీ బొగ్గు పొయ్యి వెలిగించకూడదు. విడి ఇళ్లకి, రెండు కుటుంబాల ఇళ్లకి ఆ నిబంధనలో మినహాయింపు ఉన్నా, చెక్క డెక్ మీద పెట్టేటప్పుడు కింద ఎడం, కాంక్రీటు పలక తప్పనిసరి. టౌన్‌హోమ్ అయితే సంఘం రూల్స్ చూసుకోవాలి. వానొచ్చిందని గరాజ్‌లోకి లాగి వెలిగించడం మాత్రం ఎప్పుడూ కూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది.

కొనే ముందు చూసుకోవలసినవి

రాత్రంతా వండే కోరిక నిజమైనదా, కొత్త మోజా అని తేల్చుకోవడానికి 200 డాలర్ల కెటిల్ చాలు. దాంట్లో బ్రికెట్లని అంచు వెంట రెండు వరసల్లో పాములా పేర్చి ఒక కొస అంటిస్తే, అవి ఒకదాన్నొకటి రాజేసుకుంటూ ఆరేడు గంటలు 250 చుట్టుపక్కల నిలుస్తాయి. మేక తొడకి అది సరిపోతుంది. అలా చేసి, ఇంకా చెయ్యాలనిపించి, మధ్యలో లేచి కంతలు సరిచేయడం విసుగనిపించిన రోజున సిరామిక్ గురించి ఆలోచించొచ్చు. అంతకు ముందు ఎందుకు? నిప్పుతో ఆటలొద్దు, రాత్రి పెట్టి తెల్లారి తీసుకుంటే చాలు అనుకునేవాళ్లకి పెలెట్ గ్రిల్ అసలు పోటీ. కరెంటుతో నడుస్తుంది, చెక్కపొట్టు గుళికల్ని తనే వేసుకుంటుంది, ఫోన్‌లో వేడి చూపిస్తుంది. నిప్పు సెగ మీద మాడ్చడంలో మాత్రం బొగ్గుకి సాటి రాదు.

కొనడానికే నిర్ణయించుకుంటే 18 అంగుళాలకి తగ్గకూడదు. చిన్నవి బాల్కనీకి అందంగా ఉంటాయి గానీ, పైన చెప్పిన రూలు బాల్కనీనే వద్దంటుంది. సెగని అడ్డుకునే పలక ధరలో కలిసి ఉందా, విడిగా కొనాలా అన్నది మొదట చూడాలి. అది లేకపోతే అవెన్ పని చేయదు. అంటే కొన్న కారణమే లేనట్టు. రొటిసరీ చువ్వలు, మూడంతస్తుల జాలీలు, కంపెనీ బొమ్మ ఉన్న పటకార్లు ఆగొచ్చు. మాంసంలో గుచ్చి చూసే మంచి థర్మామీటరు ఆగకూడదు. మూతకి ఉన్నది మూత దగ్గర వేడి చెబుతుంది, జాలీ దగ్గర లెక్క వేరు. చికెన్ లోపల 165 డిగ్రీలు వచ్చిందో లేదో అది చెప్పలేదు. సీజన్ అయిపోయే సెప్టెంబర్, అక్టోబర్‌లలో ధరలు తగ్గుతాయి కాబట్టి మేలో తొందరపడనక్కర్లేదు.

పాతది కొనడం చాలాసార్లు తెలివైన పని, ఎందుకంటే మోజు తీరి అమ్మేసేవాళ్లు ఉంటారు, కదల్చలేక తక్కువకే ఇచ్చేస్తారు. జీవితకాలం హామీ మనకి రాదు కాబట్టి సగం ధర కన్నా ఎక్కువ పెట్టకూడదు. పైన మెరుపు పూతలో సాలెగూడులా సన్నటి గీతలుంటే భయం లేదు. మూత, అడుగు డొప్ప అంచుల్లో పగుళ్లుంటే వదిలేయాలి. లోపల బొగ్గు పోసే గిన్నె బీటవారడం మామూలే, విడిగా దొరుకుతుంది, దాని ధర తగ్గించి అడగొచ్చు. మూత సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడటానికి ఒక డాలరు నోటు చాలు. అంచు మీద పెట్టి మూత వేసి లాగాలి, చుట్టూ నాలుగైదు చోట్ల. గట్టిగా పట్టుకుంటే సరే. జారి వచ్చేస్తే గాస్కెట్ పోయింది, లేదా పట్టీ సడలింది. రెండూ బాగు చేసుకోగలిగేవే, బేరం మాత్రం ఆ నోటు చూపించి మొదలుపెట్టొచ్చు.